మచ్చలేని సూర్యుడు: ఆ డెబ్బై ఏళ్ల సంగతి మనకెలా తెలిసింది?

2009 జూలై 22న సూర్యగ్రహణం ఉందని, మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో మూలన పడి ఉన్న చిన్న టెలిస్కోపును దుమ్ము దులిపి బయటికి తీశారు. గ్రహణానికి వారం ముందు నుంచే మా సాధన మొదలైంది. టెలిస్కోపులోంచి సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. ఐపీస్‌కు వెనక, కాస్త దూరంలో తెల్ల అట్ట పట్టుకుని, దాని మీద పడే సూర్యబింబాన్ని చూడాలి. వానాకాలం కదా, మబ్బు తొలగిందంటే చాలు, అట్ట పట్టుకుని డాబా మీదికి పరుగెత్తేవాళ్లం.

సూర్యుడి మీద నల్లటి మచ్చలుంటాయని పుస్తకాల్లో చదివాం. మా అట్ట మీద మాత్రం ఒక్కటీ లేదు. లెన్సు మూడుసార్లు తుడిచాం. ఫోకస్ మార్చి చూశాం. ఒకరోజు చిన్న మచ్చ కనబడితే గంతులేశాం. అట్టను తిప్పితే మచ్చ కూడా తిరిగింది. అది అట్ట మీది మరక! ‘మీకు చూడటం చేతకావట్లేదు’ అని మాస్టారొకరు తేల్చేశారు. ఆ సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, సోహో ఉపగ్రహం తీసిన ఆనాటి ఫొటో తెరిచి చూశాను. అందులోనూ సూర్యుడు కడిగిన పళ్లెంలా ఉన్నాడు. తప్పు మాది కాదు, నిజంగానే మచ్చలు లేవు. ఆ వేసవిలో సుమారు యాభై రోజుల పాటు సూర్యుడు అలాగే ఉండిపోయాడని తర్వాత తెలిసింది.

మా సందేహం తీర్చడానికి ఒక ఉపగ్రహం ఉంది. మూడున్నర శతాబ్దాల కిందట ఇదే స్థితి ఎదురైనవాళ్లకు అది లేదు. వాళ్లకు ఖాళీ సూర్యుడు కనబడింది యాభై రోజులు కాదు, దాదాపు డెబ్బై ఏళ్లు. 1645 నుంచి 1715 వరకు సాగిన ఆ కాలాన్ని ‘మాండర్ మినిమం’ అంటారు. అందులో 1672 నుంచి 1699 వరకు, అంటే 28 ఏళ్లలో, నమోదైన మచ్చలు యాభై కూడా లేవు. ఇప్పటి సూర్యుడి మీద అంత కాలంలో నలభై, యాభై వేల మచ్చలు కనబడతాయి.

ఇక్కడే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. మచ్చలు లేకపోయాయా, లేక చూసేవాళ్లు లేకపోయారా? రికార్డులో ‘లేదు’ అని ఉంటే దానికి రెండర్థాలు ఉండొచ్చు. ఈ చిక్కుముడి విప్పడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మచ్చలు, వాటి పద్దు

ముందుగా మచ్చ అంటే ఏమిటో చూద్దాం. సూర్యుడి ఉపరితలం ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్. లోపలి నుంచి వేడి వాయువు ఉడుకుతున్న అన్నంలా పొంగుతూ పైకి వస్తుంటుంది. కొన్నిచోట్ల బలమైన అయస్కాంత క్షేత్రం ఈ పొంగును అడ్డుకుంటుంది. అక్కడ వేడి తగ్గి 4,000 కెల్విన్ దరిదాపులకు దిగుతుంది. ఆ చోటు చీకటి కాదు. విడిగా తీసి రాత్రి ఆకాశంలో పెడితే కళ్లు చెదిరేలా వెలుగుతుంది. చుట్టూ ఉన్నది అంతకంటే కాంతివంతం కాబట్టి మనకు నల్లగా కనిపిస్తుంది, అంతే. మచ్చలోని అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రానికి వేల రెట్లు బలమైనది. ఈ సంగతిని 1908లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ ఎలరీ హేల్ కనిపెట్టాడు.

టెలిస్కోపు వచ్చిన కొత్తలోనే, 1610–11లో, గెలీలియో, థామస్ హారియట్, యోహానెస్ ఫాబ్రీషియస్, క్రిస్టోఫ్ షైనర్ ఎవరికి వారు మచ్చలను చూశారు. అవి పెరుగుతూ తరుగుతూ ఉంటాయని తెలియడానికి మాత్రం ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. అదీ అనుకోకుండానే. జర్మనీలోని డెసావు ఊళ్లో హైన్రిక్ ష్వాబే అనే మందుల వ్యాపారి ఉండేవాడు. బుధుడి కంటే సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఉందేమోనని అతని ఆశ. ఆ గ్రహం సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు చిన్న నల్ల చుక్కలా కనబడాలి. దాన్ని మచ్చలతో పొరబడకూడదని, 1826 నుంచి మబ్బు లేని ప్రతి రోజూ మచ్చల లెక్క రాసుకుంటూ పోయాడు. గ్రహం దొరకలేదు. పదిహేడేళ్ల లెక్కలో మాత్రం మచ్చలు దాదాపు పదేళ్లకోసారి పెరిగి తగ్గడం కనిపించింది. స్విట్జర్లాండ్‌లో రుడాల్ఫ్ వోల్ఫ్ పాత రికార్డులన్నీ తిరగేసి, ఈ చక్రం సగటున పదకొండేళ్లని తేల్చాడు.

చక్రం సంగతి తెలిశాకే, అది కనబడని కాలం వింతగా తోచింది. 1880ల చివర్లో జర్మన్ ఖగోళజ్ఞుడు గుస్తావ్ స్ప్యోరర్ పాత కాగితాలు తిరగేస్తూ, 1645–1715 మధ్య మచ్చలు దాదాపు లేవని రాశాడు. లండన్ దగ్గర గ్రీనిచ్ అబ్జర్వేటరీలో రోజూ సూర్యుడి ఫొటోలు తీసి మచ్చలు కొలిచే ఎడ్వర్డ్ వాల్టర్ మాండర్‌కు ఇది బాగా పట్టుకుంది. గ్రీనిచ్‌లో మబ్బు పట్టిన రోజుల లోటును డెహ్రాడూన్‌లోనూ మారిషస్‌లోనూ తీసిన ఫొటోలతో పూడ్చేవారు. అంటే ఆ కొలతల్లో మన దేశపు ఎండ కూడా ఉంది. ఆ మచ్చల లెక్కలు కట్టిన ఉద్యోగుల్లో ఆనీ రసెల్ ఒకరు. 1895లో మాండర్‌ను పెళ్లి చేసుకోగానే, నాటి నిబంధనల ప్రకారం ఆమె ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. పని మాత్రం వదల్లేదు. 1898 జనవరి 22 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఈ దంపతులు ఇండియా వచ్చారు. ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న తల్ని గ్రామం దగ్గర మకాం వేశారు. సూర్యుడి కరోనా నుంచి చాలా దూరం సాగిన ఒక కాంతిరేఖను ఆనీ అక్కడే, తన సొంత కెమెరాతో ఫొటో తీశారు.

మాండర్ 1890లోనూ 1894లోనూ, మళ్లీ 1922లోనూ ఈ ఖాళీ కాలం గురించి రాశాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. పాతకాలపు వాళ్లు సరిగా చూసి ఉండరులే అని చాలామంది సరిపెట్టుకున్నారు. మా మాస్టారి మాటే!

ఎడ్డీ అడిగిన ప్రశ్నలు

1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జాన్ ఎడ్డీ అనే సౌర శాస్త్రవేత్త దీన్ని మళ్లీ తవ్వాడు. 1976 జూన్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అతని వ్యాసం నాకు తెలిసిన గొప్ప అపరాధ పరిశోధన కథల్లో ఒకటి. ‘మాండర్ మినిమం’ అన్న పేరు పెట్టిందీ అతనే. ఆ రెండు మాటలూ ‘మ’తో మొదలై నోటికి ఇంపుగా ఉంటాయన్నది ఒక కారణమట. ముందు గమనించిన స్ప్యోరర్‌కు అన్యాయం జరగకుండా, అంతకు ముందటి శతాబ్దంలో వచ్చిన మరో మందకొడి కాలానికి అతని పేరు పెట్టాడు.

ఎడ్డీ మొదటి ప్రశ్న: ఆనాటి టెలిస్కోపులకు మచ్చలు కనిపించేంత సత్తా ఉందా? అదే కాలంలో హైగెన్స్ శనిగ్రహపు చందమామ టైటన్‌ను కనిపెట్టాడు. పారిస్‌లో కసీని శనికి మరో నాలుగు ఉపగ్రహాలను, దాని వలయాల మధ్య సన్నని ఖాళీని చూశాడు. 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలను గమనించి, కాంతికి కూడా వేగం ఉందని తేల్చాడు. ఇవన్నీ చూడగలిగిన కళ్లకు సూర్యుడి మీద భూమంత మచ్చ కనబడకుండా పోతుందా?

రెండో ప్రశ్న: చూశారా? చూశారు. ఎంతగా చూశారంటే, ఒక్క మచ్చ కనబడితే అది పత్రికకెక్కే వార్త. 1671లో కసీని ఒక మచ్చను చూసినప్పుడు, లండన్ రాయల్ సొసైటీ పత్రిక దాన్ని అరుదైన వింతలా ప్రచురించింది. దాదాపు పదేళ్లుగా ఒక్కటీ చూడని పికార్డ్ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడికి అది పండగే అయింది. 1684లో గ్రీనిచ్‌లో ఒక మచ్చను చూసిన ఫ్లామ్‌స్టీడ్, 1676 డిసెంబరు తర్వాత తాను చూసింది ఇదొక్కటేనని రాసుకున్నాడు. ఈ మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. చూడనివాడు ఇలా రాయడు. ఏడేళ్లకు పైగా ఎదురుచూసినవాడే రాస్తాడు. ఇంకో విచిత్రం ఏమిటంటే, 1670ల తర్వాత కనబడిన ఆ కొద్ది మచ్చలూ దాదాపుగా సూర్యుడి దక్షిణార్ధగోళంలోనే ఉన్నాయి. కళ్లలోనో లెన్సుల్లోనో లోపం ఉంటే అది ఒక అర్ధగోళాన్నే ఎంచుకోదు కదా.

ఈ కాలం ఫ్రాన్స్‌ను ఏలిన పద్నాలుగో లూయీ పాలనతో దాదాపు అచ్చంగా కలిసిపోవడం మరీ తమాషా. 1643లో గద్దెనెక్కి 1715లో చనిపోయిన ఆయన బిరుదు ‘సూర్య మహారాజు’. పారిస్ అబ్జర్వేటరీని కట్టించిందీ ఆయనే. ఆ అబ్జర్వేటరీ నుంచి చూస్తే అసలు సూర్యుడు నిద్రలో ఉన్నాడు. మన దగ్గర ఔరంగజేబు దక్కన్ యుద్ధాలు, 1687లో గోల్కొండ పతనం, అన్నీ ఆ నిద్రలో ఉన్న సూర్యుడి కిందే జరిగాయి.

మచ్చలను పక్కన పెట్టి, మచ్చలతో పాటు మారే మిగతా సంగతులు ఏమయ్యాయన్నది ఎడ్డీ మూడో ప్రశ్న. ఉత్తర దేశాల్లో రాత్రిపూట కనబడే ధ్రువకాంతులు సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు ఎక్కువ. ఆ డెబ్బై ఏళ్లలో వాటి కబుర్లు బాగా తగ్గాయి. తోకచుక్కతో పేరు నిలిచిన ఎడ్మండ్ హాలీకి ఆకాశంలో తెలియని వింత లేదు. అలాంటివాడు జీవితంలో తొలిసారి ధ్రువకాంతిని చూసింది 1716 మార్చిలో, 59 ఏళ్ల వయసులో. ఇక సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రుడి చుట్టూ రేకులు విప్పిన పువ్వులా కనిపించే కరోనాను ఆనాటి వాళ్లు వర్ణించిన తీరు చూస్తే, సన్నని మసక వలయమే తప్ప రేకుల ఊసు లేదు. ఆనీ మాండర్ తల్నిలో ఫొటో తీసినంత పొడవైన కాంతిరేఖ ఆనాడు ఉండి ఉంటే ఎవరో ఒకరు రాసేవారే.

ఇవన్నీ మనుషులు రాసిన కాగితాలే. మనిషి మాట అవసరం లేని సాక్షి కూడా ఒకటి ఎడ్డీకి దొరికింది. అది చెట్టు.

చెట్టు రాసిన డైరీ

అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు నిత్యం భూమి వాతావరణాన్ని ఢీకొంటుంటాయి. ఆ తాకిడికి పుట్టిన న్యూట్రాన్లు నైట్రోజన్ అణువులను కార్బన్-14గా మారుస్తాయి. అది ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. చెట్లు దాన్ని పీల్చుకుని, ఏ ఏటి వలయంలో ఆ ఏటిది దాచుకుంటాయి. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు అతని అయస్కాంత క్షేత్రం సౌర పవనంతో పాటు గ్రహాల మధ్య పరచుకుని, కాస్మిక్ కిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది. సూర్యుడు నెమ్మదిస్తే గొడుగు చిల్లులు పడ్డట్టే. కిరణాలు ఎక్కువ వస్తాయి, కార్బన్-14 పెరుగుతుంది.

1958లో డచ్ శాస్త్రవేత్త హెస్సెల్ డి వ్రీస్, 1700 ప్రాంతపు చెట్టు వలయాల్లో కార్బన్-14 ఉండవలసిన దానికన్నా ఒకటి రెండు శాతం ఎక్కువగా ఉందని గుర్తించాడు. ఎడ్డీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. ఫ్లామ్‌స్టీడ్ ఎదురుచూసి ఏమీ చూడని ఏళ్లలోనే చెట్లు ఎక్కువ కార్బన్-14 దాచుకున్నాయి. అంతటితో అనుమానం చాలావరకు తీరిపోయింది.

తర్వాత గ్రీన్‌లాండ్ మంచు పొరల్లోని బెరీలియం-10 అనే మరో ఐసోటోపు ఒక కొత్త సంగతి చెప్పింది. ఇది కూడా కాస్మిక్ కిరణాల వల్లే పుడుతుంది. కాని కార్బన్‌లా సముద్రాలు, అడవులు చుట్టి రాదు. ఒకటి రెండేళ్లలోనే మంచుతో పాటు నేల మీదికి దిగిపోతుంది. 1998లో యుర్గ్ బేర్ బృందం ఆ పొరలను పరిశీలిస్తే, మాండర్ మినిమంలో కూడా సౌరచక్రం బలహీనంగా కొట్టుకుంటూనే ఉందని తేలింది. గుండె ఆగలేదు, నాడి చేతికి అందనంతగా నెమ్మదించింది.

చెట్లు, మంచు కలిపి చెప్పిన కథ పదకొండు వేల ఏళ్ల వెనక్కి వెళ్తుంది. 2007లో ఇల్యా ఉసోస్కిన్ బృందం వేసిన లెక్క ప్రకారం, ఆ కాలంలో ఇలాంటి మహా మందకొడి దశలు 27 వరకు వచ్చాయి. సూర్యుడు తన కాలంలో ఆరింట ఒక వంతు ఇలా గడుపుతాడన్నమాట. మాండర్ మినిమం వింత కాదు. టెలిస్కోపు పట్టుకుని మనం చూడగలిగిన ఒకే ఒక్కటి అది, అందుకే దాని మీద ఇంత మక్కువ.

వివాదం లేదనుకోకండి. పాత రికార్డుల్లోని కొన్ని ‘సున్నా’లు నమ్మదగినవి కావు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచినవాళ్ల నోట్సులో మచ్చల ప్రస్తావన లేకపోతే, ‘మచ్చలు లేవు’ అని తర్వాతివాళ్లు పద్దు రాసేసిన సందర్భాలు ఉన్నాయి. 2015లో జొలోతోవా, పొన్యావిన్ అనే ఇద్దరు రష్యన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, ఆ కాలం అంత ఖాళీ కాదని వాదించారు. గుండ్రటి నల్ల చుక్కలనే లెక్కలోకి తీసుకుని, మిగతావాటిని ఆనాటివాళ్లు వదిలేశారన్నది వాళ్ల మాట. ఉసోస్కిన్, అతని సహచరులు అదే ఏడాది సాక్ష్యాలన్నీ తిరిగి పరిశీలించి, కొన్ని అంకెలు దిద్దుకోవాల్సి ఉన్నా ఆ దశ మాత్రం నిజమని జవాబిచ్చారు. నాకు ఈ జవాబే బలంగా అనిపిస్తుంది. ఖగోళజ్ఞుల అభిప్రాయాలతో చెట్లకు పని లేదు కదా.

పాత కాగితాలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. 1607 మే నెలలో ప్రాగ్‌లో యోహానెస్ కెప్లర్, ఇంటి కప్పులోని సన్నని రంధ్రం గుండా కాగితం మీద పడిన సూర్యబింబాన్ని గీశాడు. దాని మీద ఒక నల్ల చుక్క. బుధుడు సూర్యుణ్ని దాటుతున్నాడని సంబరపడ్డాడు. నిజానికి అది మచ్చ. టెలిస్కోపుకు ముందటి ఆ బొమ్మను 2024లో జపాన్ శాస్త్రవేత్త హిసాషి హయకావా బృందం మళ్లీ లెక్కకట్టింది. మచ్చ ఉన్న అక్షాంశాన్ని బట్టి చూస్తే, అది ఒక చక్రం ముగింపు దశలోది. అంతకు ముందు ఒక కార్బన్-14 అధ్యయనం, మాండర్ మినిమంకు ముందే చక్రాలు పదహారేళ్ల దాకా సాగదీసుకుపోయాయని చెప్పింది. కెప్లర్ చుక్క మాత్రం, ఆ కాలంలో చక్రాలు మామూలుగానే నడిచాయన్న వైపు మొగ్గు చూపుతోంది. ఇది తేలడం ముఖ్యం. అంత పెద్ద నిద్ర ఏ ముందస్తు సూచనా లేకుండా వస్తుందా, ఆవలింతలతో మొదలవుతుందా అన్నది ఇక్కడే తెలియాలి.

ఎందుకు ఆగుతుంది?

సూర్యుడు గట్టి బంతి కాదు. మధ్యరేఖ దగ్గర 25 రోజులకోసారి, ధ్రువాల దగ్గర అంతకంటే పది రోజులు ఆలస్యంగా తిరుగుతాడు. ఈ తేడా వల్ల, ధ్రువం నుంచి ధ్రువానికి సాగే అయస్కాంత రేఖలు రాట్నానికి నూలు చుట్టుకున్నట్టు సూర్యుడి చుట్టూ చుట్టుకుంటాయి. బిగిసిన రేఖల కట్టలు పైకి ఉబికి ఉపరితలాన్ని చీల్చుకుని వచ్చిన చోట జంట మచ్చలు ఏర్పడతాయి. ఆ జంటలు కాస్త వాలుగా ఉంటాయి. అవి చెదిరిపోయాక వాటి అయస్కాంత అవశేషాలను, సెకనుకు పది, ఇరవై మీటర్ల వేగంతో ధ్రువాల వైపు సాగే ప్రవాహం మోసుకుపోతుంది. ధ్రువాల దగ్గర చేరిన ఆ క్షేత్రమే వచ్చే చక్రానికి విత్తనం.

పంట నుంచే విత్తనం తీసుకునే రైతుకు వరసగా పంట తప్పితే ఏమవుతుందో ఇక్కడా అదే. జంట మచ్చల వాలు ఒక్కోసారి అడ్డదిడ్డంగా ఉండి విత్తనం తగ్గిపోతుంది. అదే సమయంలో ప్రవాహమూ మందగిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. 2012లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అర్ణబ్ రాయ్ చౌధురి, విద్యావినయ్ కరక్ ఈ రెండు ఒడిదుడుకులనూ కలిపి కంప్యూటర్ నమూనాలో పెడితే, చెట్లు చెప్పినన్ని మందకొడి దశలే దాదాపుగా వచ్చాయి. మచ్చలే లేనప్పుడు విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది, సూర్యుడు మళ్లీ ఎలా మేల్కొంటాడు అన్నది మాత్రం ఈ రంగంలో ఇంకా పెద్ద ప్రశ్నే. సూర్యుడి లోతుల్లో మచ్చలతో పని లేకుండా క్షేత్రాన్ని పుట్టించే అల్లకల్లోల ప్రవాహాలు నెమ్మదిగా ఊపిరి పోస్తాయని ఎక్కువమంది అంచనా. మంచులో కనబడిన ఆ బలహీనమైన నాడికి అదే కారణం కావచ్చు.

చలికి సూర్యుడే కారణమా?

మాండర్ మినిమం గురించి మామూలు పాఠకులు విని ఉంటే, సాధారణంగా ఒకే సందర్భంలో వినుంటారు: ‘సూర్యుడు నిద్రపోయాడు, యూరప్ గడ్డకట్టింది’. లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టి, 1683–84 చలికాలంలో దాని మీద అంగళ్లు వెలిసి తిరునాళ్లు జరిగిన మాట నిజమే. 1659 నుంచి ఉన్న మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల పట్టికలో అంత చల్లని చలికాలం మరొకటి లేదు.

అయితే ఆ పట్టికలోనే రెండు వరుసలు కిందికి రండి. 1685–86 చలికాలం మొత్తం రికార్డులోనే బాగా వెచ్చనివాటిలో ఒకటి. సూర్యుడు అప్పుడూ ఖాళీగానే ఉన్నాడు. థేమ్స్ 1608లోనూ గడ్డకట్టింది, అప్పటికి మాండర్ మినిమం మొదలవలేదు. 1814లోనూ గడ్డకట్టింది, అప్పటికి అది ముగిసి వందేళ్లు. పైగా పాత లండన్ వంతెన ఇరుకు కమానులు ఆనకట్టలా నీటిని ఆపి, గడ్డకట్టడానికి వీలు కల్పించేవి. 1831లో ఆ వంతెనను పడగొట్టాక నగరంలో తిరునాళ్లు ఆగిపోయాయి. ‘చిన్న మంచు యుగం’ అని పిలిచే ఆ చల్లని శతాబ్దాలు మాండర్ మినిమంకు ఎంతో ముందే మొదలయ్యాయి. వాటిలో పెద్ద అగ్నిపర్వతాల విస్ఫోటాలదీ గట్టి పాత్రే. సూర్యుడికి వాటా లేదనడం లేదు, కథంతా అతనిదే కాదంటున్నాను.

అంకెల్లో చూస్తే స్పష్టంగా ఉంటుంది. భూమి దగ్గర చదరపు మీటరుకు సూర్యుడు ఇచ్చే శక్తి సుమారు 1,361 వాట్లు. చక్రం పైస్థాయికి, కిందిస్థాయికి మధ్య తేడా అందులో 0.1 శాతం. మరో మాండర్ మినిమం ఇప్పుడు వస్తే 2100 నాటికి భూమి సగటు ఉష్ణోగ్రత మహా అయితే 0.3 డిగ్రీలు తగ్గుతుందని 2010లో జర్మనీ శాస్త్రవేత్తలు ఫోయిల్నర్, రామ్‌స్టోర్ఫ్ లెక్కకట్టారు. మన పొగ వల్ల ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. అయినా 2015లో బ్రిటన్‌లో జరిగిన ఒక సమావేశంలో, 2030ల్లో సూర్యుడి చైతన్యం 60 శాతం పడిపోతుందన్న అంచనా వెలువడితే, పత్రికలు దాన్ని ‘మినీ మంచు యుగం’ చేసేశాయి. ఆ వార్త ఇప్పటికీ ప్రతి చలికాలం వాట్సాప్‌లో తిరుగుతుంది. మా బంధువుల గ్రూపులో నేను కనీసం నాలుగుసార్లు జవాబు రాసి ఉంటాను.

సూర్యుడి మచ్చల్లో మన వాతావరణ జాతకం చదవాలన్న ఆశ కొత్తది కాదు. ఒకప్పుడు అది మన గడ్డ మీద ప్రాణాలతో ముడిపడిన ఆశ. 1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని, ముఖ్యంగా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను మట్టుబెట్టిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ కరువు నడుస్తుండగానే, 1877లో నార్మన్ లాక్యర్, విలియం హంటర్ కలిసి మచ్చలు తగ్గిన ఏళ్లలో మద్రాసులో వానలు తగ్గుతాయని వ్యాసం రాశారు. అదే నిజమైతే కరువును ముందే పసిగట్టొచ్చు. సూర్యుణ్ని శ్రద్ధగా గమనించాలన్న పట్టుదల అలా పెరిగి, 1899లో కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీకి దారితీసింది. తర్వాత భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ ఏళ్ల తరబడి లెక్కలు వేసి, మచ్చలకు వానలకు ఉన్న సంబంధం జోస్యానికి పనికిరానంత పలచనిదని తేల్చాడు. రుతుపవనాల కీలకం పసిఫిక్ మహాసముద్రం మీది గాలి ఒత్తిడిలో ఉందని అతనికి ఆ వెతుకులాటలోనే అర్థమైంది. ఈరోజు ఎల్ నినో పేరుతో మనం మాట్లాడుకునేది ఆ సంగతే.

అలా పుట్టిన కొడైకెనాల్ తొలి ఆశ నెరవేర్చలేదు గాని, ఇంకో మేలు చేసింది. 1904 నుంచి అక్కడ తీసిన సూర్యుడి ఫొటోలు ప్రపంచంలోని అతి పొడవైన రికార్డుల్లో ఒకటి. అవన్నీ ఇప్పుడు డిజిటల్ రూపంలో ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 కూడా ఇప్పుడు ఆ కాపలాలో చేరింది.

మరి నిద్ర మళ్లీ ఎప్పుడు? 2009 నాటి ఆ లోతైన విరామం చూసి, మరో మాండర్ మినిమం వస్తోందని చాలామంది అన్నారు. 2018లో కోల్‌కతాకు చెందిన ప్రాంతిక భౌమిక్, దివ్యేందు నంది 25వ చక్రం అలా కుప్పకూలదని ముందే చెప్పారు. వాళ్ల మాటే నిజమైంది. 24వ చక్రం శిఖరంలో సూర్యమచ్చల సంఖ్య సుమారు 116 అయితే, 25వ చక్రంలో 2024 చివర్లో అది 160 దాటింది. ఆ ఏడాది మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ధ్రువకాంతితో ఎర్రబడిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఒక చక్రం దాటి ముందుకు చెప్పగల నమూనా మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఈలోగా హెచ్‌డి 166620 అనే నక్షత్రం ఒక చిన్న ఆశ కలిగించింది. దశాబ్దాల పాటు చక్రాలు తిప్పిన ఆ నక్షత్రం ఉన్నట్టుండి స్తబ్ధుగా మారిందని 2022లో ఖగోళజ్ఞులు ప్రకటించారు. నిద్రలోకి జారిన మరో సూర్యుణ్ని మనం నేరుగా చూస్తున్నామేమో.

25వ చక్రం ఇప్పుడు దిగువకు సాగుతోంది. 2030 ప్రాంతంలో ఖాళీ రోజులు మళ్లీ వస్తాయి. చిన్న టెలిస్కోపు దొరికితే మీరూ చూడొచ్చు. కంటితో వద్దు, ఫైండర్‌కు మూత పెట్టి, తెల్ల అట్ట మీదే చూడండి. అట్ట మీద ముందుగానే ఒక వృత్తం గీసుకుని, బింబాన్ని దానికి సరిపెట్టండి. మచ్చ కనబడితే, అది మరక కాదని అట్టను కాస్త జరిపి నిర్ధారించుకుని గుర్తు పెట్టండి. పక్కన తేదీ, సమయం, మబ్బుల స్థితి రాయండి. ఏమీ కనబడకపోతే కాగితాన్ని ఖాళీగా వదలకండి. చూశానని, లేదని, సున్నా అని రాయండి.